165 పౌండ్ల రిసీవర్ కోసం పిక్కులిచ్చి పైకెక్కొచ్చా?

ఫ్రిస్కో_శీను
ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ దగ్గరపడింది. కాలేజీ కుర్రాళ్ళని జట్లు వరస నంబర్ల (పిక్కుల) ప్రకారం ఎంచుకునే రోజులు. బంతి పట్టే రిసీవర్ల మీద మళ్ళీ అదే గోల మొదలైంది. "మనిషి చిన్నోడే గానీ స్పీడు చూడండి, రెండు పిక్కులిచ్చి అయినా ట్రేడ్ అప్ చేయాలి (ముందు వంతు కొనుక్కోవాలి)" అంటూ. 2013 సంగతి ఎవరికీ గుర్తు లేదా? టావన్ ఆస్టిన్ కోసం ర్యామ్స్ జట్టువాళ్ళు 16వ పిక్కు నుంచి 8కి ఎక్కారు. 5 అడుగుల 8 అంగుళాలు, 174 పౌండ్లు. 16, 46, 78, ఇంకో ఏడో రౌండ్ పిక్కు బఫెలోకి ఇచ్చి 8, 71 తెచ్చుకున్నారు. ర్యామ్స్‌లో ఉన్న ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా 600 రిసీవింగ్ యార్డులు (బంతి పట్టి సాధించిన దూరం) దాటలేదు. కదలకుండా 16లో కూర్చుని ఉంటే డీఆండ్రే హాప్కిన్స్ దొరికేవాడు, అతను 27 దాకా ఉన్నాడు. మొదటి రౌండ్‌లో 175 లోపు బరువున్న వాళ్ళ కోసం ట్రేడ్ అప్ చేయకూడదు. ఇదీ నా మాట.

ఈగల్స్_మూర్తి
శీను గారూ, డెవాంటా స్మిత్ పేరు ఎందుకు రాయలేదు? 2020 హైజ్‌మన్ ట్రోఫీ (కాలేజీ ఉత్తమ ఆటగాడి బహుమతి) గెలిచినవాడు, మెడికల్ చెకప్‌లో 166 పౌండ్లు తూగాడు. 2021లో మా ఈగల్స్ వాళ్ళు 12 నుంచి 10కి ఎక్కి తీసుకున్నారు. ఆ పదో పిక్కు అమ్మింది మీ డల్లస్ కౌబాయ్సే, 84వ పిక్కు తీసుకుని. విరిగిపోతాడన్నారు అందరూ. మొదటి రెండు సీజన్లలో పదిహేడుకి పదిహేడు ఆటలు ఆడాడు, రెండో ఏడు 1,196 యార్డులు. 2025 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో 46 యార్డుల టచ్‌డౌన్ పట్టి స్కోరు 34-0 చేసింది కూడా అతనే.

జేకే_శాన్‌హోసే
టుటు అట్వెల్, ఇతనూ చిన్న రిసీవరే, ర్యామ్స్ 2021లో 57వ పిక్కుతో తీసుకున్నారు. అదే డ్రాఫ్ట్‌లో అమోన్-రా సెయింట్ బ్రౌన్ అనే మంచి రిసీవర్ 112 దాకా ఉన్నాడు. ర్యామ్స్ వాళ్ళకి బుద్ధి రాలేదు.

ఫ్రిస్కో_శీను
మూర్తి గారూ, స్మిత్ ఎత్తు ఆరడుగులు. అతన్ని చూపించి 5-8 వాళ్ళని అమ్మొద్దు. పైగా ఆ రోజు మా వాళ్ళు రెండు అడుగులు దిగి 12లో మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. ఆ ఏటి డిఫెన్సివ్ రూకీ ఆఫ్ ద ఇయర్ (డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు). చేతిలో అదనంగా మూడో రౌండ్ పిక్కు. పిక్కులకి పాయింట్ల విలువ కట్టే జిమ్మీ జాన్సన్ చార్ట్ ప్రకారం 10కి 1,300, 12కి 1,200. అంటే తేడా 100. మీరిచ్చిన 84వ పిక్కు విలువ 170. డెబ్భై పాయింట్లు ఎక్కువిచ్చారు. ట్రేడ్ అప్ అంటే చీటీని మొదటి నెలలోనే పాడుకోవడం. అవసరం మనదని తెలిశాక ఎంత తగ్గించైనా పాడాల్సిందే.

ఈగల్స్_మూర్తి
ఆ పార్సన్స్‌ని 2025లో గ్రీన్ బేకి పంపేశారు కదా. స్మిత్ ఇంకా మా దగ్గరే ఉన్నాడు.

చార్ట్ సంగతికొస్తే మీ ఆస్టిన్ ట్రేడ్‌నే లెక్కేయండి. ఏడో రౌండ్ పిక్కు వదిలేస్తే ర్యామ్స్ ఇచ్చింది 1000, 440, 200. తెచ్చుకున్నది 1400, 235. ఐదు పాయింట్ల తేడా! చార్ట్ ప్రకారం అది సరైన బేరం. మరి ఎక్కడ చెడింది? ఆ అక్టోబర్‌లో ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) బ్రాడ్‌ఫర్డ్ మోకాలు పోయింది, 2014 అంతా ఆడలేదు. బంతి వేసేవాడే లేకపోతే 174 అయితేనేం, 220 అయితేనేం?

ఫ్రిస్కో_శీను
ఆ చార్ట్‌లో మనిషి బరువుకి గడి లేదండీ. నేను చెప్పేది అదే.

హ్యూస్టన్_లక్ష్మి
ట్యాంక్ డెల్ పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నా. 165 పౌండ్లు, 2023లో మూడో రౌండ్, 69. ఆ డిసెంబర్‌లో డెన్వర్‌తో ఆటకి మేము స్టేడియంలోనే ఉన్నాం. గోల్ లైన్ దగ్గర రన్ ప్లే (బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తడం). డెల్ చేతిలో బంతి లేదు, బ్లాక్ చేస్తున్నాడు. గుంపంతా వెనక నుంచి అతని కాలి మీద పడింది. టచ్‌డౌన్ వచ్చిందని అందరూ లేచి అరుస్తున్నారు, అతను మాత్రం లేవలేదు. ఫిబ్యులా (కాలి ఎముక) విరిగింది. అప్పటికి పదకొండు ఆటల్లో 709 యార్డులు, ఏడు టచ్‌డౌన్లు. అంతమంది మీద పడితే ఎవరి కాలైనా విరుగుతుంది. దాన్ని బరువు ఖాతాలో రాసేయడం అన్యాయం.

ఫ్రిస్కో_శీను
లక్ష్మి గారూ, మరుసటి ఏడు మోకాలు కూడా పోయింది. అయినా అతను మూడో రౌండ్‌లో వచ్చాడు, ఎవరికీ నష్టం లేదు. నా ప్రశ్న మొదటి రౌండ్ గురించి.

బాల్టిమోర్_వాసు
మా రేవెన్స్‌ని చూసి నేర్చుకోండి అన్నలూ. 2019లో 22 నుంచి 25కి దిగి, ఫిలడెల్ఫియా ఈగల్స్ దగ్గర ఇంకో రెండు పిక్కులు పుచ్చుకుని, అప్పుడు తీసుకున్నారు మార్కీస్ బ్రౌన్‌ని. 166 పౌండ్లు. 2021లో వెయ్యి యార్డులు దాటాడు. 2022లో అతన్నీ 100వ పిక్కునీ అరిజోనాకి ఇచ్చి 23 తెచ్చుకున్నారు. అక్కణ్ణుంచి మళ్ళీ 25కి దిగి లైన్‌లో ఆడే లిండర్‌బామ్‌ని పట్టారు. చిన్న రిసీవర్ కావాల్సిందే, కానీ మన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకోవాలి.

ఈగల్స్_మూర్తి
వాసూ, అదే డ్రాఫ్ట్‌లో బ్రౌన్ తర్వాత డీబో, ఏజే బ్రౌన్, మెట్‌కాఫ్ అనే మంచి రిసీవర్లు ముగ్గురూ వేరే జట్లకి దక్కారు. అది చెప్పవేం?

ఈ టాపిక్ మీద నాకెందుకింత పట్టుదలో చెబుతాను. మావాడు హైస్కూల్ టీమ్ ట్రయల్స్‌కి వెళ్ళాడు. బంతి వేయకముందే అందరినీ వరసగా తూకం మీద నిలబెట్టారు. నోట్‌బుక్‌లో అంకె రాసుకున్నారు. తక్కువ తూగినవాళ్ళని పక్క మైదానంలోకి పంపారు. మధ్యాహ్నం దాకా అటు ఒక్క కోచ్ కూడా రాలేదు. వాడు రూట్ (పాస్ కోసం పరిగెత్తే దారి) ఎలా పరిగెత్తుతాడో ఎవరూ చూడలేదు. అందుకే ఎవరైనా అంకె చూపించి "వద్దు" అంటే నాకు కోపం వస్తుంది.

ఫ్రిస్కో_శీను
బాధ అర్థమైంది మూర్తి గారూ. కానీ మీవాడి ట్రయల్స్‌కీ పదో పిక్కుకీ ఏంటి సంబంధం? ప్రతిసారీ చర్చని ఇంటి విషయంలోకి లాగుతారు.

ఈగల్స్_మూర్తి
సంబంధం ఉంది! 2019లో ప్యాట్రియట్స్ నకీల్ హ్యారీని 32లో తీసుకున్నారు. 228 పౌండ్లు. ఫెయిలయ్యాడు. 2015లో షికాగో కెవిన్ వైట్‌ని ఏడులో తీసుకుంది. మంచి ఎత్తరి. వాడూ ఫెయిలయ్యాడు. అప్పుడెవరైనా "పెద్ద రిసీవర్లని తీసుకోవద్దు" అని చర్చ పెట్టారా? పెద్దవాడు ఫెయిలైతే కుర్రాడి తప్పు, చిన్నవాడు ఫెయిలైతే అందరు చిన్నవాళ్ళ తప్పు. మీరు పెట్టిన గీత 175. ఆ గీత ఎక్కణ్ణుంచి తెచ్చారో చెప్పండి.

జేకే_శాన్‌హోసే
అందరూ కాస్త శాంతించండి.

ఫ్రిస్కో_శీను
శాంతంగానే ఉన్నాను. గీత 175 కాకపోతే 180 అనుకోండి, నాకు పట్టింపు లేదు. స్నాప్ అయ్యాక (బంతి ఆటలోకి వచ్చాక) మొదటి ఐదు గజాల్లో కార్నర్ (రిసీవర్‌ని కాచే ఆటగాడు) చేతులు వేయొచ్చు. 165 పౌండ్లవాడు అక్కడ ఆగిపోతే రూట్ టైమింగే పోతుంది. అందుకే కోచ్‌లు అతన్ని స్లాట్‌లో (లోపలి వైపు) పెడతారు, మోషన్‌లో (స్నాప్‌కి ముందే కదిలిస్తూ) పరిగెత్తిస్తారు. అంటే అతని ఆట సగం కోచ్ చేతిలో ఉంటుంది. కోచ్ మారితే ఆటే మారిపోతుంది. అలాంటి ఆటగాడి కోసం ఇంకో ఇద్దరు వచ్చే చోట్లు వదులుకోవడం నాకు మింగుడుపడదు. నేను చిన్నవాణ్ణి వద్దనడం లేదు. ధర వద్దంటున్నాను.

ఈగల్స్_మూర్తి
ఈ ముక్క మొదటి పోస్టులోనే రాయాల్సింది! అక్కడ "చేయకూడదు" అని కొట్టిపారేశారు. 2024లో చీఫ్స్ 32 నుంచి 28కి వెళ్ళి 165 పౌండ్ల జేవియర్ వర్తీని తీసుకున్నారు. 32, 95, 221 ఇచ్చి 28, 133, 248 తెచ్చుకున్నారు. ఒక్క పిక్కు కూడా తగ్గలేదు, మార్చుకున్నారంతే. మా చేతిలో ఓడిన ఆ సూపర్ బౌల్‌లోనే అతను 157 యార్డులు చేశాడు. ఇది ఒప్పుకుంటారా?

ఫ్రిస్కో_శీను
ఆ ధరకైతే ఒప్పుకుంటాను. మూడో రౌండ్ పిక్కు పూర్తిగా వదులుకోవడానికి ఒప్పుకోను.

హ్యూస్టన్_లక్ష్మి
అయితే మీరిద్దరూ పోట్లాడుతున్నది 84వ పిక్కు గురించే!

ఈగల్స్_మూర్తి
కాదు లక్ష్మి గారూ. ఆ రోజు 11లో కూర్చున్నది జెయింట్స్. స్మిత్ మాకు దక్కగానే ఆ పిక్కుని షికాగోకి అమ్మేసి 20కి దిగారు. శీను గారూ, మీరే మా జీఎం (ఆటగాళ్ళని ఎంచే మేనేజర్) అయితే, మీ డివిజన్‌లో ప్రత్యర్థులు మీకు ఒక్క అడుగు ముందు కూర్చుని ఉంటే, 84 ఇస్తారా ఇవ్వరా?

ఫ్రిస్కో_శీను
ఇవ్వను. నాలుగో రౌండ్ దాకా ఇస్తాను.

ఈగల్స్_మూర్తి
ఆ ధరకి మీ డల్లస్ వాళ్ళు అమ్మరు.

ఫ్రిస్కో_శీను
అమ్మకపోతే 12లోనే కూర్చుని పార్సన్స్‌ని తీసుకుంటాను.