పనోరమాలో ఒక ఆర్చి మాయమైంది, వెనక్కి తెచ్చే దారుందా?

గోదారిగట్టు_స్టూడియో:
అందరికీ నమస్కారమండి. రాజమండ్రిలో చిన్న ఫొటో స్టూడియో నాది. పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్ట్ ఫొటోలూ తప్ప పనోరమాల (వరసగా తీసిన ఫొటోలు కలిపి చేసే వెడల్పాటి ఫొటోల) జోలికి ఎప్పుడూ పోలేదు. మా మావయ్య రైల్వేలో కీమ్యాన్‌గా, అంటే పట్టాలు తనిఖీ చేసే ఉద్యోగిగా, చేసి రిటైరయ్యారు. ఆర్చి బ్రిడ్జి మీద చేత్తో సుత్తి పట్టుకుని ఏళ్ళ తరబడి నడిచిన మనిషి. కొత్తింటి హాల్లో గోడకి 12 అడుగుల బ్రిడ్జి ఫొటో కావాలన్నారు. ఓస్ ఇంతేనా అనుకుని ఒడ్డు వెంట కాస్త దూరం వెళ్ళి, 85 ఎమ్.ఎమ్. లెన్సుతో కెమెరా నిలువుగా పట్టుకుని 9 ఫొటోలు తీశాను. సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి ఒక్క బటన్ నొక్కితే కలిపేసింది. ఎంత బాగా వచ్చిందో!

మావయ్యకి చూపించాను. కళ్ళజోడు పైకి తోసుకుని, చూపుడువేలు స్క్రీన్ మీద ఆనించి, ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ పోయారు. చివరికొచ్చి "ఒరేయ్, ఇరవయ్యేడే ఉన్నాయేంట్రా? ఇంకోటి ఏం చేశావ్?" అన్నారు. నేనూ లెక్కపెట్టాను. నిజమేనండి, 28 ఉండాల్సింది 27 ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ ఉన్నాయి, కలిపాకే ఒకటి పోయింది. అతుకు ఎక్కడుందో భూతద్దం పెట్టినా కనబడట్లేదు.

ఇంకో రెండు గొడవలు కూడా ఉన్నాయి. బ్రిడ్జి మధ్యలో అరటికాయలా వంగింది. కింద ఘాట్ రెయిలింగ్ ఒకచోట రెండుగా చీలింది. శుక్రవారం ప్రింటుకి ఇవ్వాలండి.

పిక్సెల్_పిచ్చి:
సింపుల్ బ్రో. పక్క ఆర్చిని సెలెక్ట్ చేసి కాపీ కొట్టి అతికించెయ్. అన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఎవడు చూస్తాడు.

గోదారిగట్టు_స్టూడియో:
మా మావయ్య చూస్తారండి. ఏ స్తంభం మీద ఏ మరక ఉందో చెప్తారాయన. పైగా దూరం పోయేకొద్దీ ఆర్చిలు చిన్నవవుతాయి కదా, పక్కదాన్ని తెచ్చి పెడితే సైజు కుదరదు.

కొవ్వూరు_కెమెరా:
"అన్నీ ఒకేలా ఉంటాయి" అన్నారే, జబ్బు అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ రెండు ఫొటోల్లో ఒకేలా ఉన్న చుక్కల్ని వెతికి జత కడుతుంది. వాటినే కంట్రోల్ పాయింట్స్ అంటారు. మన బ్రిడ్జికి 97.55 మీటర్లకో స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం, దానికో ఆర్చి), అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మొదటి ఫొటోలోని 14వ ఆర్చికి రెండో ఫొటోలోని 15వ ఆర్చిని జతకట్టేసి ఉంటుంది. ఫొటో ఒక స్పాన్ పక్కకి జరిగి కూర్చుంటే మధ్యలో ఒకటి మాయమైపోతుంది. కింద చూస్తే నీళ్ళు, పైన మేఘాలు. తప్పు పట్టించడానికి ఇంకేమీ లేదు.

హగిన్ అని ఫొటోలు కలిపే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఉచితం. దాన్ని దించుకుని ఇంటర్‌ఫేస్ మెనూలో ఎక్స్‌పర్ట్ పెట్టండి. ఫొటోలు ఎక్కించి, పాయింట్స్ వెతకమని, ఒకసారి ఆప్టిమైజ్ కొట్టండి. తర్వాత ఫొటోస్ ట్యాబ్‌లో యా (Yaw) అనే వరస చూడండి, ఒక్కో ఫొటో ఎంత పక్కకి తిరిగిందో డిగ్రీల్లో ఉంటుంది. మీరు ఇంచుమించు ఒకే లెక్కన తిప్పుకుంటూ పోయి ఉంటారు కాబట్టి తేడా 10, 10, 9, 10 అలా రావాలి. ఎక్కడైతే హఠాత్తుగా 8 కనిపిస్తుందో దొంగ అక్కడున్నాడు.

ఆ జతని కంట్రోల్ పాయింట్స్ ట్యాబ్‌లో పక్కపక్కన తెరవండి. పాయింట్స్ అన్నీ తీసెయ్యండి, జాలి పడకండి. పాయింట్లు ఎంత తప్పాయో సాఫ్ట్‌వేర్ చూపించే లోపం సంఖ్య చిన్నగా ఉంది కదా అని కూడా నమ్మకండి. పాయింట్లన్నీ ఒకే ఆర్చి తేడాతో తప్పితే వాటిలో వాటికి పేచీ ఉండదు. మీ చేత్తో ఐదారు పెట్టండి, కానీ ఒక్కటంటే ఒక్కటే ఉన్న వస్తువు మీద: అవతలి ఒడ్డున సెల్‌ఫోన్ టవర్, గుడి గోపురం, మీ మావయ్యగారు చెప్పే స్తంభం మరక. నీళ్ళ మీదా మేఘాల మీదా పాయింట్స్ ఉంటే వాటినీ పీకెయ్యండి, అవి నిలకడగా ఉండవు. మళ్ళీ ఆప్టిమైజ్ కొట్టండి.

అరటికాయ సంగతి: మీది సిలిండ్రికల్ ప్రొజెక్షన్ (ఫొటోని గొట్టం లోపలి గోడ మీద పరిచి విప్పినట్టు చేసే పద్ధతి) అయ్యుంటుంది. రెక్టిలీనియర్‌కి మార్చండి, సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది. ఫొటో వెడల్పు 120 డిగ్రీలు దాటితే చివర్లు సాగిపోతాయిగానీ మీది అంత వెడల్పు ఉండదు.

త్రిపాది:
రెయిలింగ్ చీలడం వేరే కథ. దాన్ని పాయింట్స్ బాగుచెయ్యలేవు. ఒక కన్ను మూసి, వేలు ముక్కు ముందు పెట్టుకుని తల అటూ ఇటూ తిప్పండి. వేలు వెనకున్న గోడ మీద జరుగుతుంది చూశారా, మీ కెమెరా చేసింది అదే. చేత్తో పట్టుకుని మీరు తిరిగినప్పుడు లెన్సు మీ చుట్టూ ఒక గుండ్రం గీసింది. కిలోమీటరు దూరంలో ఉన్న బ్రిడ్జికి తేడా తెలియదు, రెండు మీటర్ల దూరంలో ఉన్న రెయిలింగ్‌కి తెలుస్తుంది.

ఇప్పుడైతే హగిన్‌లోనే మాస్క్స్ ట్యాబ్‌కి వెళ్ళి, రెండు ఫొటోల్లో ఒకదాంట్లో రెయిలింగ్ చుట్టూ గీత గీసి వద్దని చెప్పండి. అప్పుడు రెండోదాంట్లోదే వాడుకుంటుంది. అతుకు దగ్గర చిన్న మెట్టు మిగిలితే ఫొటోషాప్‌లో వార్ప్‌తో నెమ్మదిగా లాగి కలపండి. నన్నడిగితే ఫొటో కింద రెయిలింగ్ ఉన్న భాగాన్నే కోసిపారేస్తాను. హాల్లో గోడకి ఘాట్ కమ్మీ ఎందుకండీ.

గోదారిగట్టు_స్టూడియో:
కొవ్వూరు గారూ, మీ చెయ్యి చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను. ఐదో ఫొటోకీ ఆరో ఫొటోకీ మధ్య తేడా 7.9 ఉంది! మిగతావన్నీ 9.6కి పైనే. అక్కడ 31 పాయింట్స్ పెట్టుకుంది, 31కి 31 పక్క ఆర్చి మీదే. అన్నీ తీసేసి టవర్ మీద రెండు, ఒక స్తంభానికి కారిన తుప్పు మరక మీద మూడు పెట్టాను. మరక మావయ్యే చూపించారు, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నారు రాత్రి పదకొండు దాకా. రెయిలింగ్ కోసేశాను. వంతెన కర్ర పెట్టి గీసినట్టు వచ్చింది.

ఆయన మళ్ళీ వేలు ఆనించి లెక్కపెట్టారు. ఇరవయ్యెనిమిది. "ఊఁ" అన్నారు, అంతే.

కానీ ఇప్పుడు ఇంకోటి బయటపడింది. నేను కెమెరా తిప్పుతున్న వైపుకే ఒక రైలు పోతోంది. దాని ఇంజను రెండో ఫొటోలోనూ పడింది, మూడో ఫొటోలోనూ పడింది. కలిపాక ముందొకటి, వెనకొకటి.

కొవ్వూరు_కెమెరా:
మళ్ళీ మాస్కే. మూడో ఫొటోలో రైలు మొత్తానికి వద్దు అని గీయండి, రెండోదాంట్లో కావాలి అని గీయండి. రైలు అతుకు గీత దాటకుండా చూసుకుంటే చాలు.

గోదారిగట్టు_స్టూడియో:
చెయ్యబోయానండి. మావయ్య చెయ్యి పట్టుకున్నారు. "ఉండనీరా, రెండు వైపులా ఇంజన్లున్న బళ్ళు ఇప్పుడొస్తున్నాయిగా" అన్నారు. అలాగే ప్రింటుకి పంపించేశాను.