పాత ట్రక్కు డోర్ ప్యాడ్ ఊగుతోంది: క్లిప్పులా, స్క్రూలా?

గేర్‌రాడ్
మా ట్రక్కుకు పాతికేళ్లు దాటాయి. డ్రైవరు వైపు డోర్ ప్యాడ్ (డోర్ రేకును లోపలి వైపు కప్పే అట్ట పలక) కింద వెనక మూలన నోరు తెరిచింది. సందులో వేలు దూరుతోంది. గతుకుల్లో ఒకటే టకటక. గుద్ది కూర్చోబెడితే కాసేపు ఉంటుంది, డోర్ రెండుసార్లు వేయగానే మళ్లీ బయటికొస్తుంది. కరెంటు గ్లాసులు కావు, తిప్పే హ్యాండిలే. కొత్త క్లిప్పులు వేయాలా, స్క్రూలు కొట్టేయాలా? చేసినవాళ్లు చెప్పండి.

రాత్రి డ్రైవర్
స్క్రూలే. నాలుగు పొట్టి సెల్ఫ్ స్క్రూలు (రేకులో తామే దారి కోసుకుని దిగేవి), తల కింద వెడల్పాటి వాషర్లు. పావుగంట పని. నేను ఆరేళ్ల కింద బిగించినవి ఇంకా కదల్లేదు.

పదో నంబర్ స్పానర్
తమ్ముడూ, తొందరపడి డ్రిల్లు పట్టుకోకండి. ముందు చేయి ఆనించే రెస్ట్ కింద చూడండి, డోర్ లాగే పిడి దగ్గర చూడండి. అక్కడ రెండో మూడో పొడవు స్క్రూలు ఉంటాయి. అవి డోర్ రేకులోకి దిగి, మీరు డోర్ లాగినప్పుడు పడే బలమంతా మోస్తాయి. క్లిప్పుల పని ప్యాడ్‌ను రేకుకు అంటిపెట్టుకుని ఉంచడమే. ఆ స్క్రూల్లో ఒకటి పోయినా లాగిన ప్రతిసారీ బలం క్లిప్పుల మీద పడుతుంది, అవి ఒక్కొక్కటే తెగుతాయి.

ప్యాడ్ తీయడం పెద్ద పనేం కాదు. హ్యాండిల్ మధ్యలో స్క్రూ ఉంటే అది విప్పండి. లేకపోతే హ్యాండిల్ వెనక గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. ఒక గుడ్డ పేలిక హ్యాండిల్‌కూ ప్యాడ్‌కూ మధ్య దూర్చి అటూ ఇటూ లాగండి, అది బయటికొస్తుంది. చటుక్కున ఎగిరిపోతుంది కాబట్టి ఇంకో చేయి అడ్డం పెట్టండి. తర్వాత కింది నుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పు దగ్గరే పట్టి ఎత్తండి. మధ్యలో పట్టి లాగితే వెనక అట్ట చిరుగుతుంది. చాలా బండ్లలో ప్యాడ్ పై అంచు గ్లాసు దిగే చోట రేకుకు తగిలించి ఉంటుంది. ప్యాడ్‌ను పైకి లేపితేనే వస్తుంది.

క్లిప్పులు కొనే ముందు రేకులో రంధ్రం కొలవండి. స్కేలుతో కాదు, డ్రిల్ బిట్టు వెనక వైపు దూర్చి చూడండి. ఏ బిట్టు సరిగ్గా పడితే అదే సైజు. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా క్లిప్పు పట్టదు, లేదంటే విరుగుతుంది.

తుప్పు పగవాడు
తీశాక ప్యాడ్ వెనక తడి ఉందేమో చూసి చెప్పండి.

రాత్రి డ్రైవర్
ఇంత కథ అక్కర్లేదు. ఊడింది ఒక మూల.

పదో నంబర్ స్పానర్
ఆ మూల వెనకే గ్లాసును ఎత్తి దించే మెషిన్ ఉంటుంది, లాక్ రాడ్లు పోతాయి, స్పీకరు వైరు ఉంటుంది. గ్లాసు పూర్తిగా దించితే ఎక్కడిదాకా వస్తుందో చూడకుండా స్క్రూ కొడితే గ్లాసు దానికి తగిలి పగులుతుంది.

రాత్రి డ్రైవర్
అన్నా, నేను పొట్టి స్క్రూలన్నాను. ప్యాడ్, రేకు కలిపి దాటాక పావు అంగుళం కూడా మిగలదు. అదీ అంచు వెంబడి. గ్లాసు అంచుకు రాదు.

పదో నంబర్ స్పానర్
మీ బండిలో రాదు. ఈయన బండిలో వస్తుందో రాదో మీకెలా తెలుసు?

రాత్రి డ్రైవర్
గ్లాసు దించి, టార్చి వేసి చూస్తే తెలుస్తుంది. అంతమాత్రం చూడకుండా ఎవరు కొడతారు?

పదో నంబర్ స్పానర్
"పావుగంట పని" అని రాసినప్పుడు టార్చి సంగతి రాయలేదు మీరు.

బ్యాక్ లైట్
నేను సిలికాన్ పెట్టి అతికించాను. బాగానే ఉంది.

తుప్పు పగవాడు
వెనిగర్ వాసన వచ్చే సిలికానైతే తీసేయండి. అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, పెయింటు లేచిపోయిన రేకు మీద తుప్పు మొదలవుతుంది. గేర్‌రాడ్ గారూ, తడి సంగతి మళ్లీ అడుగుతున్నా.

గేర్‌రాడ్
ఇవాళ తీశాను. పిడి దగ్గర రెండు స్క్రూలకు ఒకటే ఉంది. నాలుగు క్లిప్పుల తలలు రేకులోనే ఉండిపోయాయి. ప్యాడ్ వెనక అట్ట కింది అంచున ఉబ్బి, పొరలు పొరలుగా లేస్తోంది. క్లిప్పు కూర్చునే గాడులు చిరిగి పెద్దవయ్యాయి. పాలిథిన్ షీటు సగం ఊడి వేలాడుతోంది. అట్ట తడిగానే ఉంది.

తుప్పు పగవాడు
ఇదే నేను అడుగుతున్నది. క్లిప్పులా స్క్రూలా అన్నది తర్వాతి మాట. వాన నీళ్లు గ్లాసు బయటి వైపు నుంచి జారి, రబ్బరు దాటి డోర్ లోపలికి దిగుతాయి. అది లోపం కాదు, డోర్ తయారీయే అలా ఉంటుంది. ఆ నీళ్లు అడుగున ఉన్న రంధ్రాల్లోంచి కారిపోవాలి. ప్యాడ్ వైపు రాకుండా ఆపేది ఆ పాలిథిన్ షీటే. చాలామంది మెకానిక్కులు గ్లాసు మెషిన్ మార్చేటప్పుడు దాన్ని చింపేసి, "ఇదేం పని చేయదులే" అని అవతల పారేస్తారు. అక్కడి నుంచి అట్ట తడుస్తుంది, ఉబ్బుతుంది, గాడి చిరుగుతుంది, క్లిప్పు ఊడుతుంది. కొత్త క్లిప్పు చిరిగిన గాడిలో నిలవదు. స్క్రూ అయినా తడిసిన అట్టను ఎన్నాళ్లు పట్టుకుంటుంది?

ముందు అడుగు రంధ్రాలు సన్నటి తీగతో పొడిచి శుభ్రం చేయండి. మందపాటి కొత్త పాలిథిన్ కోసి, బ్యూటైల్ టేపుతో (మెత్తటి జిగట రబ్బరు టేపు) చుట్టూ అతికించండి. షీటు కింది అంచు డోర్ లోపలికి దూరేలా ఉంచాలి. అప్పుడే దాని మీద జారిన నీళ్లు మళ్లీ డోర్‌లోనే పడతాయి.

రాత్రి డ్రైవర్
షీటు మాట నిజమే. అతికించి, పైన ప్యాడ్ పెట్టి, స్క్రూలు బిగించండి. సరిపోయింది.

పదో నంబర్ స్పానర్
సరిపోదు. మీలాంటివాళ్లు కొట్టి వదిలేసిన బండినే నేను కొన్నాను. ప్యాడ్ చుట్టూ తొమ్మిది స్క్రూలు, మధ్యలో జిగురు. వర్షంలో గ్లాసు మెషిన్ కేబుల్ తెగి గ్లాసు లోపల పడిపోయింది. ప్యాడ్ తీద్దామంటే సగం స్క్రూల తలలు అరిగిపోయి ఉన్నాయి. ఆఖరికి ముక్కలు ముక్కలుగా ఊడదీశాను, రెండు రోజులు సీటు తడుస్తూనే ఉంది. ఆ పని చేసినాయన నాకు బండి అమ్ముతూ "డోర్లు గట్టిగా ఉంటాయి" అని చెప్పాడు. తర్వాత విప్పేవాడు కూడా మనిషే కదా!

రాత్రి డ్రైవర్
మీ కోపం ఆయన మీద చూపించండి, నా మీద కాదు. నేను పదకొండేళ్లు ఇంకొకరి బండి నడిపాను. డోర్ ప్యాడ్ ఊడితే "నువ్వే డోర్ దబ్బున వేస్తున్నావు" అని జీతంలో కోశారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ డోర్ దబ్బున వేయకపోతే పడేది కాదు. నెమ్మదిగా వేస్తే దారిలో తెరుచుకునేది. క్లిప్పులు తెప్పించండి అంటే బండి ఆగకూడదన్నారు. అందుకే స్క్రూలు కొట్టాను. రాత్రి లోడు దించి తెల్లారేలోపు మళ్లీ బయల్దేరే మనిషికి అట్ట ఆరబెట్టే రెండు రోజులు ఎక్కడివి? మీకు బండి అంటే ఇష్టం. నాకు బండి ఆగితే ఆ రోజు కూలి పోయినట్టే. ఇద్దరం ఒకే డోర్ గురించి మాట్లాడటం లేదు.

పదో నంబర్ స్పానర్
ఆ మాట ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. జీతం కోయడం అన్యాయం. కానీ దబ్బున వేస్తేనే పడే డోర్‌కు రోగం ప్యాడ్‌లో లేదు, కీళ్లలో ఉంది. హింజ్ పిన్నులు (కీళ్లలోని ఇరుసులు) అరిగి డోర్ కుంగితే, డోర్‌లోని లాచ్ (గొళ్లెం) బండి చట్రం మీద అది పట్టుకోవాల్సిన స్ట్రైకర్‌కు కిందగా తగులుతుంది, గట్టిగా కొడితేనే పైకెక్కి పడుతుంది. ఆ దెబ్బ రోజూ క్లిప్పులకే తగులుతుంది. గేర్‌రాడ్, డోర్ సగం తెరిచి చివర పట్టుకుని పైకెత్తి చూడండి.

గేర్‌రాడ్
ఎత్తాను. పై కీలు దగ్గర స్పష్టంగా ఆడుతోంది. మూడేళ్లుగా డోర్ దబ్బున వేస్తున్నది నేనే. పిల్లలు వేస్తున్నారని వాళ్లను తిడుతూ వచ్చాను.

తుప్పు పగవాడు
పిన్నులు, అవి తిరిగే గొట్టాల్లాంటి బుష్‌లు రెండూ మార్చండి. పిన్ను ఒక్కటే మారిస్తే కొద్ది నెలల్లో మళ్లీ ఆడుతుంది.

పదో నంబర్ స్పానర్
అట్ట విషయం. ఉబ్బింది కింది అంచే కాబట్టి మొత్తం మార్చక్కర్లేదు. రెండు చెక్కల మధ్య పెట్టి బరువు వేసి బాగా ఆరనివ్వండి. పూర్తిగా పాత మందానికి రాదు, ఫర్వాలేదు. చిరిగిన గాడుల మీద సన్నటి ప్లాస్టిక్ రేకు ముక్కలు ఎపాక్సీ జిగురుతో అతికించి, వాటిలో కొత్త గాడులు కోయండి. కోసే ముందు డోర్ రేకులో రంధ్రాలతో సరిచూసుకోండి. రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయినా క్లిప్పు దిగదు. ఆఖర్న అట్ట వెనక, అంచులకు వార్నిష్ రెండు పూతలు. పోయిన పిడి స్క్రూ తప్పక వేయండి. దాని రంధ్రం అరిగి ఉంటే డోర్ రేకులో రివెట్ నట్టు (రంధ్రంలో బిగుసుకుపోయే మరల గొట్టం) పెట్టండి.

రాత్రి డ్రైవర్
అట్ట ఆరేదాకా ప్యాడ్ లేకుండానే బండి నడపొచ్చు. లోపలి లాక్ రాడ్డుకు చేయి, బట్టలు తగలకుండా చూసుకోండి. హ్యాండిల్ మళ్లీ తగిలించుకుంటే గ్లాసు తిరుగుతుంది. మూల ఒక్కచోట క్లిప్పు ఎంతకీ నిలవకపోతే మాత్రం అక్కడ ఒక్క పొట్టి స్క్రూ వేయండి, టార్చి వేసి చూశాకే.

పదో నంబర్ స్పానర్
ఒక్కటైతే నేనూ కాదనను. తల అరగనిది వేయండి, విప్పడానికి వస్తుంది.

గేర్‌రాడ్
ఆదివారం పిన్నులు కొట్టి తీస్తాను. డోర్ బరువు నేనొక్కణ్నే ఆపగలనా?

రాత్రి డ్రైవర్
వద్దు. డోర్ అడుగున జాకీ పెట్టి మీద చెక్క ముక్క వేయండి. పక్కన ఇంకో మనిషిని పట్టుకోమనండి. డోర్ కాలి మీద పడితే నెల రోజులు బండి ఎక్కలేరు.