వాన రోజు గ్రూప్ హైక్‌కి కుక్కలు అవసరమా?

పెదకాకాని_కుర్రాడు:
మొన్న శనివారం సియాటిల్ మన బ్యాచ్ పద్నాలుగు మందిమి పూ పూ పాయింట్‌కి వెళ్లాం, చిరికో ట్రైల్ వైపు నుంచి. ఏప్రిల్ కదా, పొద్దుట్నుంచీ ముసురే. జనంతో పాటు మూడు కుక్కలు. అందులో ఒక లాబ్రడార్ మా అమ్మ చీర మీద రెండు బురద కాళ్లూ అచ్చేసింది. అమ్మ ఊరి నుంచి వచ్చి మూడు వారాలే, కుక్కలంటే హడల్. సగంలోనే ఆగిపోయింది. ఇకనుంచి వాన పడితే కుక్కలు వద్దని రూల్ పెట్టుకుందాం. ఏమంటారు?

ఉప్మా_ద్వేషి:
ఇంగ్లిష్‌లో పూ అంటే మలం, ఆ పేరున్న కొండకి కుక్కల్ని రావద్దంటావేంటి బ్రో 😀

రిటైర్డ్_లెక్కలమాస్టారు:
ఆ పేరుకీ కుక్కలకీ సంబంధం లేదు బాబూ. వెనకటికి అక్కడ కలప కొట్టేవాళ్లు ఆవిరి ఈలతో సైగలు చేసుకునేవారు. ఆ ఈల మోతే పూ పూ.

బూందీ_వాళ్లమ్మ:
ఆ లాబ్రడార్ మా బూందీయే. చీర సంగతి అక్కడే ఆంటీకి సారీ చెప్పాను. కానీ రూల్ దేనికండీ? మౌంట్ రెయినియర్ నేషనల్ పార్కులో ట్రైల్స్ మీదికి కుక్కల్ని రానివ్వరు, అక్కడికి నేనెప్పుడూ తేలేదు. పూ పూ పాయింట్ ఉన్న టైగర్ మౌంటెన్‌లో మెడకి లీష్ తాడు ఉంటే రావచ్చు. లీష్ ఉంది. వాన అంటారా, ఈ ఊళ్లో వాన లేని శనివారం కోసం చూస్తే జూలై దాకా ఇంట్లోనే కూర్చోవాలి.

పెదకాకాని_కుర్రాడు:
లీష్ ఉందన్నారు, ఎంత పొడుగు? అది సాగే రకం. బటన్ వదిలితే పదిహేను అడుగులు పోతుంది. దాన్ని లీష్ అనరు, చేద తాడు అంటారు.

బూందీ_వాళ్లమ్మ:
బటన్ లాక్ చేసే ఉంది.

పెదకాకాని_కుర్రాడు:
మరి చీర దాకా ఎలా వచ్చింది?

బూందీ_వాళ్లమ్మ:
దారి వెడల్పు ఎంతో మీకూ తెలుసు. దారిలో చెట్ల వేళ్లన్నీ తడిసి సబ్బు రాసినట్టున్నాయి. ఎదురుగా దిగేవాళ్లకి దారి ఇవ్వబోయి ఆంటీ పక్కకి వచ్చాం.

కారు_నాదే:
చీర ఉతుక్కుంటే పోతుంది. నా కారు సంగతి ఎవరికి చెప్పుకోను? కొని రెండు నెలలు. తువ్వాలు వేస్తామన్నారు, వేశారు, అదీ నానింది. నిన్న ఆఫీసు ఆయన్ని ఎక్కించుకుంటే ఎక్కగానే అద్దం దించాడు. బయట వాన పడుతుంటే! అన్నట్టు, గ్యాస్ డబ్బులు ఇద్దరు ఇంకా పంపలేదు.

ఉప్మా_ద్వేషి:
నేను పంపా.

వెట్_దగ్గర_పనిచేస్తా:
కంపు సంగతి సరే. గుంటల్లో నీళ్లు తాగనిచ్చారా? అడవి జంతువుల మూత్రం కలిసిన నీళ్లలో, తడి మట్టిలో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు తెచ్చే క్రిములు ఉంటాయి. కుక్కలకీ వస్తుంది, మనుషులకీ వస్తుంది. కుక్కలకి టీకా ఉంది, వేయించండి.

బూందీ_వాళ్లమ్మ:
వేయించాను. నీళ్లు కూడా నేనే మోసుకెళ్లా.

పెదకాకాని_కుర్రాడు:
టీకాలు, నీళ్లు, ఇవన్నీ పక్కదారి. ఫ్యామిలీ గ్రూప్ అన్నాక పెద్దవాళ్లు ముఖ్యమా, కుక్కలు ముఖ్యమా? పిల్లలు లేనివాళ్లకి కుక్కే బిడ్డ, కాదనను. ఆ ముద్దు ఇంట్లో ఉంచుకుంటే మంచిది.

ఉప్మా_ద్వేషి:
బ్రో, ఆ మాట తీసెయ్.

బూందీ_వాళ్లమ్మ:
తీయొద్దు, ఉండనివ్వండి. చెప్పకూడదనుకున్నాను, ఇప్పుడు చెప్తాను. రెండు మైళ్లు కూడా లేని దారి, కానీ ఎక్కుడు 1,700 అడుగుల పైనే. చీర మీద స్పోర్ట్స్ షూ వేసుకున్న ఆవిడని అక్కడికి తెచ్చింది బూందీ కాదు. సగంలో ఆంటీకి ఆయాసం వచ్చి దేవదారు మొదట్లో కూర్చున్నారు. అప్పటికి మీరు కనుచూపు మేరలో లేరు. పైనుంచి మబ్బులో సెల్ఫీ గ్రూపులో పెట్టారు, 11:20కి. మీరు కిందికి వచ్చింది 12:10కి. ఆ యాభై నిమిషాలూ ఆవిడ పక్కన ఉన్నది నేనూ నా కుక్కా. మొదట నా వెనక దాక్కున్నారు. తర్వాత చేతులు చల్లబడ్డాయని ఆవిడే బూందీ మెడ కింద పెట్టుకున్నారు.

పెదకాకాని_కుర్రాడు:
అమ్మే వెళ్లమంది. నాకు ఇదేం చెప్పలేదు.

రిటైర్డ్_లెక్కలమాస్టారు:
మా ఆవిడ కూడా పిల్లలతో వెళ్లినప్పుడల్లా అలాగే అంటుంది నాయనా, మీరు వెళ్లండి అని. వాళ్లూ వెళ్తారు.

కారు_నాదే:
అందరికంటే వెనక ఒకళ్లు నడవాలని ముందే అనుకున్నాంగా? ఆ రోజు ఎవరు?

ఉప్మా_ద్వేషి:
నేనే. వాన ఎక్కువైందని ముందుకెళ్లిపోయా. సారీ.

పెదకాకాని_కుర్రాడు:
సరే, పిల్లల మాట నేను అనకూడదు. కానీ ఆ సాగే లీష్ మాత్రం మార్చండి.

బూందీ_వాళ్లమ్మ:
చూస్తాను. ఆంటీ శాలువా నా దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు ఉతికాను, వెంట్రుకలు కొన్ని పోలేదు. ఆదివారం ఇంట్లో ఉంటారా? కుక్కని కార్లోనే ఉంచుతాను.

పెదకాకాని_కుర్రాడు:
అడిగాను. కుక్కని కూడా తీసుకురమ్మంటోంది.