యాంటీబయోటిక్‌తో పాటు ప్రోబయోటిక్ కూడా కావాలా, పెరుగన్నం చాలదా?

కోనసీమ కోడలు:
మా అత్తయ్యకు 70 దాటాయి. పంటి దగ్గర చీము పట్టిందని పన్ను తీసేసి అమోక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయోటిక్ రాశారు. కోర్సు మధ్యలోనే మోషన్స్ మొదలయ్యాయి. మందుల షాపులో ప్రోబయోటిక్ (పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా) క్యాప్సూల్స్, గ్యాస్ టాబ్లెట్ ఇచ్చారు. మా మరిదేమో అవన్నీ డబ్బు దండగ, పెరుగన్నం పెట్టండి చాలు అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మెట్టపొలం:
మీ మరిదిదే సరైన మాట. చీటీలో యాంటీబయోటిక్ కనిపిస్తే చాలు, పక్కన బీ కాంప్లెక్స్, ప్రోబయోటిక్ వచ్చి చేరుతున్నాయి. బీ కాంప్లెక్స్‌తో విరేచనాలు ఆగుతాయనడానికి రుజువేమీ లేదు. ఇక ప్రోబయోటిక్ సంగతి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ వాళ్లు 21 మందికి సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్స్ ఇచ్చి చూశారు. తర్వాత ఏమీ వాడనివాళ్ల పేగుల్లో పాత బ్యాక్టీరియా మూడు వారాల్లోనే చాలావరకు తిరిగొచ్చింది. ప్రోబయోటిక్ వాడినవాళ్లలో ఐదు నెలలైనా పూర్తిగా కుదురుకోలేదు. మరి డబ్బు పెట్టి కొనడం దేనికి?

భీమవరం ఫార్మసిస్ట్:
ఆ పరిశోధన ఆరోగ్యవంతుల మీద చేసింది. వాళ్లు చూసింది పేగుల్లో బ్యాక్టీరియా తిరిగి ఎంత చేరిందని, విరేచనాలు తగ్గాయా లేదా అని కాదు. ఇక్కడ అడుగుతున్నది విరేచనాల గురించి కదండీ. 2019లో, వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ పిల్లల మీద జరిగిన 33 ట్రయల్స్‌ను కలిపి చూసింది. ప్రోబయోటిక్ ఇవ్వని పిల్లల్లో నూటికి 19 మందికి విరేచనాలైతే, ఇచ్చినవాళ్లలో 8 మందికే అయ్యాయి. అదీ రోజుకు 500 కోట్ల బ్యాక్టీరియా, ఆపైన ఇచ్చినప్పుడు ఫలితం బాగుంది. పెరుగు మంచి తిండే, కాదనను. కానీ మనింటి తోడులో ఏ రకం ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఇంకో మాట. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వేసుకునేవాళ్లు మాత్ర వేసుకున్న వెంటనే పెరుగు తినకూడదు. అందులోని కాల్షియం మందుకు అతుక్కుని దాన్ని ఒంటికి పట్టనివ్వదు. మీ అత్తయ్యగారి మందుకు ఆ ఇబ్బంది లేదు. అది భోజనం మొదలుపెట్టేటప్పుడు వేసుకుంటే కడుపులో వికారం కూడా తగ్గుతుంది.

ఓరుగల్లు సిస్టర్:
పిల్లల లెక్క తెచ్చి 70 ఏళ్ల ఆవిడకు వర్తింపజేయకండి. 65 దాటిన ఆసుపత్రి రోగులు దాదాపు 3,000 మంది మీద ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్ద ట్రయల్ జరిగింది, 2013లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 10.8 శాతానికి, తీసుకోనివాళ్లలో 10.4 శాతానికి విరేచనాలయ్యాయి. అంటే తేడా లేనట్టే.

నన్నడిగితే క్యాప్సూలా, పెరుగా అన్నది పెద్ద విషయమే కాదు. ఆ గ్యాస్ టాబ్లెట్ ఎందుకు ఇచ్చారో ముందు అడగండి. యాంటీబయోటిక్ మంచి బ్యాక్టీరియాను చంపేశాక, ఖాళీ అయిన చోట సి.డిఫిసిల్ అనే మొండి బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. పెద్ద వయసువాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. జ్వరం, కడుపులో గట్టి నొప్పి, రక్తం, రోజుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకు కూడా ఇది రావచ్చు. డాక్టర్‌ని అడక్కుండా మోషన్స్ ఆపే లోపెరమైడ్ మాత్రం వేయొద్దు.

భీమవరం ఫార్మసిస్ట్:
పెద్దవాళ్ల ట్రయల్ విషయంలో సిస్టర్ గారి మాట ఒప్పుకుంటున్నాను. గ్యాస్ టాబ్లెట్ విషయంలో మాత్రం పూర్తిగా కాదు. పన్ను తీశాక డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రాసి ఉంటే, ఈ వయసులో కడుపులో పుండు పడకుండా అది అవసరం కావచ్చు. రాసిన డాక్టర్‌నే అడగాలి, మీ అంతట మీరు ఆపకండి.

మెట్టపొలం:
అసలు యాంటీబయోటిక్ అవసరమా అని కూడా అడగండి. చీము ఆ ఒక్కచోటే ఉండి, జ్వరం లేకుండా, పంటికి వెంటనే వైద్యం జరిగితే, రోగనిరోధక శక్తి బాగున్న పెద్దలకు యాంటీబయోటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో సూచించింది. మందే అక్కర్లేకపోతే ఈ గొడవంతా ఉండదు.

కోనసీమ కోడలు:
అందరికీ థాంక్సండీ. జ్వరం లేదు, నొప్పి లేదు, విరేచనాలు రోజుకు రెండు మాత్రమే. పళ్ల డాక్టర్‌కి ఫోన్ చేసి గ్యాస్ టాబ్లెట్, యాంటీబయోటిక్ రెండింటి గురించీ అడుగుతాను. మా ఇంట్లో కొబ్బరి నీళ్లకు కొదవలేదు. ఓఆర్ఎస్ బదులు అవి పట్టవచ్చా?

ఓరుగల్లు సిస్టర్:
బదులుగా వద్దమ్మా. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. విరేచనాల్లో పోయే ఉప్పు వాటితో భర్తీ కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా ఇవ్వచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం కొబ్బరి నీళ్లు డాక్టర్‌ని అడిగాకే. బీపీకి ఏ మాత్ర వాడుతున్నారో కూడా ఆ ఫోన్‌లోనే చెప్పండి, నీళ్లు తీసేసే రకమైతే విరేచనాలప్పుడు మోతాదు మార్చాల్సి రావచ్చు.