ములుగు భూకంపం: భ్రంశం ఒక్కసారిగా ఎందుకు జారుతుంది?

ప్రశ్న (హనుమకొండ, బీఎస్సీ విద్యార్థిని)

2024 డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం గురించి రెండు సందేహాలు ఉన్నాయి. మన భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా కదులుతోందని, ఆ ఒత్తిడి పెరిగి పెరిగి చివరకు భ్రంశం (భూమి లోపలి రాతిలో ఉన్న పగులు) జారుతుందని చదువుకున్నాం. ఒత్తిడి అంత నిదానంగా పెరిగేటప్పుడు జారడం కూడా నిదానంగానే సాగాలి కదా, అదంతా రెప్పపాటులో ఎందుకు ముగిసిపోతుంది? ఇక రెండవది: నాభి, అంటే భూకంపం మొదలైన చోటు, 40 కిలోమీటర్ల లోతున ఉందన్నారు. అంత బరువు కింద నొక్కుకుని ఉన్న రాతి ముఖాల మధ్య ఘర్షణ విపరీతంగా ఉండాలి, మరి అవి అసలు ఎలా కదిలాయి? భూపాలపల్లి గనులే కారణమని, మేడిగడ్డ నీళ్లే కారణమని మా వీధిలో వాదించుకుంటున్నారు. ఆగస్టు చివర తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలడం దీనికి ముందస్తు సూచన అన్నవారు కూడా ఉన్నారు.

జవాబు (వరంగల్, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, మీ మొదటి సందేహం చాలా పాఠ్యపుస్తకాలు దాటవేసే చోటు. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపాన్ని పరిశీలించి హ్యారీ రీడ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన వివరణ శక్తి ఎక్కడ నిలవ ఉంటుందో చెబుతుంది: భ్రంశానికి రెండు వైపులా ఉన్న రాతి ఏళ్ల తరబడి వంగుతూ, ఆ వంపులో శక్తిని దాచుకుంటుంది. ఆ శక్తి ఒక్కసారిగా ఎందుకు బయటపడుతుందో తెలియాలంటే ఘర్షణ దగ్గరికి వెళ్లాలి.

ఒక ఇటుకకు ఇనుప తీగ కట్టి గచ్చు మీద నిదానంగా లాగితే అది తీగతోపాటే నిదానంగా వస్తుంది. అదే ఇటుకకు సైకిల్ ట్యూబు ముక్క కట్టి లాగితే, ట్యూబు సాగుతూ సాగుతూ ఉండగా ఇటుక ఉన్నట్టుండి ముందుకు దూకి మళ్లీ ఆగిపోతుంది. ఇటుక కాస్త కదలగానే దాని కింది ఘర్షణ తగ్గుతుంది, దాన్ని లాగే బలం కూడా తగ్గుతుంది. వీటిలో ఏది ముందు పడిపోతుందన్నదే ఇక్కడ కీలకం. తీగలో లాగే బలం ముందే పడిపోతుంది కనుక కదలిక అదుపులో ఉంటుంది. ట్యూబులో ఆ బలం నెమ్మదిగా తగ్గుతుంది, ఘర్షణ అంతకంటే ముందే సడలుతుంది, మిగిలిన బలం ఇటుకను త్వరణంతో తోస్తుంది. 1966లో బ్రేస్, బయర్లీ అనే శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో గ్రానైటు మీద ఇటువంటి ఆగి ఆగి జారే కదలికను గమనించి, భూకంపాలకు మూలం ఇదే కావచ్చునని ప్రతిపాదించారు.

నేలలో తీగ చేసే పనినీ ట్యూబు చేసే పనినీ జారే ముక్క పరిమాణమే చేస్తుంది. చిన్న ముక్క జారబోతే చుట్టూ అంటుకుని ఉన్న రాతి దాన్ని బిగించి పట్టుకుంటుంది; ముక్క వెడల్పు రెట్టింపయితే ఆ బిగువు సగమవుతుంది. అందుకే జారుడు మొదట అతి నిదానంగా పాకుతూ పెరిగి, ఒక కీలక పరిమాణం దాటాక ఇక ఆగదు. అప్పుడు చీలిక అంచు సెకనుకు 2 నుంచి 3 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది, దాని వెనుక రాతి ముఖాలు సెకనుకు మీటరు స్థాయి వేగంతో జారతాయి. 5.3 తీవ్రత అంటే కొద్ది కిలోమీటర్ల వెడల్పున్న ముక్క పది, ఇరవై సెంటీమీటర్ల మేర ఒకటి రెండు సెకన్లలో జారిందని స్థూలంగా లెక్క వేయవచ్చు.

స్థైతిక (ఆగి ఉన్నప్పటి), గతిక (కదిలేటప్పటి) ఘర్షణ గుణకాలు రెండు స్థిర సంఖ్యలని ఇంటర్మీడియట్‌లో మేము చెప్పేది లెక్కల సౌకర్యం కోసమే. రెండు ముఖాలు ఎంతకాలం కదలకుండా ఉంటే వాటి పట్టు అంత బలపడుతుందని, జారే వేగాన్ని బట్టి అది మారుతుందని డీటరిక్ 1979లో, రుయీనా 1983లో సమీకరణాల రూపంలో చెప్పారు. జారాక భ్రంశం మళ్లీ అతుక్కుని తరువాతి భూకంపానికి సిద్ధం కావడం వెనుక ఉన్నది ఈ గుణమే.

జవాబు (భూపాలపల్లి, గని ఉద్యోగి)

మా గనుల లోతు వందల మీటర్లలో ఉంటుంది, భూకంప నాభి దానికి ఎన్నో రెట్ల కింద ఉంది. జలాశయాలు భూకంపాలను ప్రేరేపించగలవన్నది నిజమే; 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయనాలో వచ్చిన భూకంపం అందుకు పేరుపడ్డ ఉదాహరణ. కానీ అక్కడ వంద మీటర్లకు పైగా ఎత్తున్న ఆనకట్ట ఉంది, నాభులు కూడా పది కిలోమీటర్ల లోపే ఉంటాయి. మేడిగడ్డ ఒక బ్యారేజీ మాత్రమే. పైగా అది రావడానికి అర్ధ శతాబ్దం ముందే, 1969 ఏప్రిల్‌లో, భద్రాచలం దగ్గర ఇటువంటి భూకంపమే వచ్చింది. ఈ బొగ్గు పొరలు ఏర్పడిన కాలంలో గోదావరి లోయ వెంట భూపటలం చీలి కుంగింది. ఆ పాత భ్రంశాలు ఇప్పటికీ బలహీనంగానే ఉన్నాయి, హిమాలయాల దగ్గర మన ఫలకానికి ఎదురయ్యే ప్రతిఘటన ఒత్తిడి రూపంలో ఇక్కడిదాకా వస్తుంది. తాడ్వాయి చెట్లను కూల్చింది బలమైన గాలి, దానికీ నాభికీ ముడి పెట్టడం అనవసరం.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ధన్యవాదాలు సార్. లోతు సంగతి మాత్రం మిగిలిపోయింది. ఇంకొకటి, మా ఇంట్లో ముందు కిటికీలు గలగలమన్నాయి, కాసేపటికి గాని గట్టి ఊపు రాలేదు. కంపనాలు రెండుసార్లు వచ్చాయా?

జవాబు (వరంగల్, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు)

40 కిలోమీటర్ల లోతున పీడనం పదివేల వాతావరణ పీడనాలను మించుతుంది. పొడి రాతి అయితే మీరన్నట్టు జరగడం కష్టమే. పగుళ్లలో నీరు అధిక పీడనంతో చిక్కుకుని ఉంటే, అది రెండు ముఖాలనూ లోపలి నుంచి ఎడంగా నెట్టి, వాటిని కలిపి నొక్కే బలాన్ని తగ్గిస్తుంది. ఘర్షణ ఆ మిగిలిన బలాన్ని బట్టే ఉంటుంది. ఈ సూత్రాన్ని హబర్ట్, రూబీ 1959లో భ్రంశాలకు అన్వయించారు. తరువాత అమెరికాలోని కొలరాడోలో రేంజ్లీ చమురు క్షేత్రంలో బావుల్లోకి నీరు ఎక్కిస్తే చిన్న భూకంపాలు పెరిగాయి, తోడేస్తే తగ్గాయి. మరొక అడ్డంకి వేడి: సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే క్వార్ట్జ్ అనే ఖనిజం అధికంగా ఉన్న రాతి పెళుసుదనం కోల్పోయి ముద్దలా సాగుతుంది. అయితే దక్షిణ భారతపు ప్రాచీన భూపటలం సాపేక్షంగా చల్లనిది, దాని అడుగు భాగం పొడి రాతితో ఉన్న చోట్ల ఇంకా లోతున కూడా పెళుసుగానే ఉండగలదు.

కంపనం ఒక్కటే, అలలు రెండు. వేగంగా నడిచే పి తరంగాలు ముందు, నిదానంగా నడిచే ఎస్ తరంగాలు వెనుక వస్తాయి. అధికేంద్రం (నాభికి సరిగ్గా పైన నేల మీది చోటు) హనుమకొండకు సుమారు 85 కిలోమీటర్లు, నాభి 40 కిలోమీటర్ల లోతు అనుకుంటే వాలుగా 95 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంత దూరానికి రెండు తరంగాల మధ్య ఎడం పది, పన్నెండు సెకన్లు ఉండాలి. ఈ ఎడం దూరాన్ని చెబుతుంది గాని అందులో లోతు వాటా ఎంతో చెప్పదు. నాభి ఇక్కడ 40కి బదులు 10 కిలోమీటర్ల లోతున ఉన్నా ఆ ఎడంలో తేడా సుమారు ఒక సెకనే ఉంటుంది. అందుకే ప్రకటించిన సంఖ్యలన్నిటిలో లోతును కాస్త అనుమానంగా చూడాలి, అధికేంద్రానికి చాలా దగ్గరలో నమోదు కేంద్రాలు ఉంటేనే అది గట్టిగా తేలుతుంది.