హిమాచల్ 21 ఏళ్ల పెళ్లి బిల్లు: మన రెండు రాష్ట్రాలూ ఇదే దారి పట్టాలా?

సభాపర్వం
2024 ఆగస్టు 27న హిమాచల్ శాసనసభ మూజువాణి ఓటుతో ఒక బిల్లును ఆమోదించింది. 2006 నాటి కేంద్ర బాల్యవివాహ నిషేధ చట్టాన్ని ఆ రాష్ట్రం వరకు సవరించే బిల్లు అది. మంత్రి ధనీరామ్ శాండిల్ ప్రవేశపెట్టారు. అమ్మాయి పెళ్లి వయసు 18 నుంచి 21 అవుతుంది. చిన్న వయసులో జరిగిన పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెళ్లే గడువు, మేజరయ్యాక రెండేళ్లున్నది అయిదేళ్లవుతుంది. వేరే చట్టం గానీ ఆచారం గానీ అడ్డొస్తే ఈ చట్టమే చెల్లేలా 18ఏ అని కొత్త సెక్షన్ చేర్చారు. గవర్నరు సంతకం పెట్టకుండా రాష్ట్రపతి పరిశీలనకు పంపారు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (5వ విడత) లెక్క చూడండి. 20–24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు హిమాచల్‌లో 5.4 శాతం, తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3. సమస్య అంత తక్కువున్న రాష్ట్రమే కదిలింది. మన సభలు ఎందుకు కదలవు?

గోదారిగట్టు
సభలో నెగ్గాక మళ్లీ ఢిల్లీ ఎందుకు? ఓట్లేసింది ఎవరికి?

ఓరుగల్లు వకీలు
పెళ్లి, విడాకులు, మైనర్లు ఇవన్నీ ఉమ్మడి జాబితాలో 5వ అంశం. పార్లమెంటూ చట్టం చేయవచ్చు, రాష్ట్రమూ చేయవచ్చు. రెండూ ఢీకొంటే రాజ్యాంగం 254(1) అధికరణ ప్రకారం కేంద్ర చట్టమే నిలుస్తుంది. రాష్ట్ర చట్టం నిలవాలంటే 254(2) కింద రాష్ట్రపతి ఆమోదం ఉండాలి. ఒక్క గవర్నరు సంతకంతో చట్టమైతే మొదటి రిట్ పిటిషన్‌లోనే ఢీకొన్న భాగం కొట్టుకుపోతుంది. కాబట్టి ఇక్కడ గవర్నరు పంపడంలో తప్పేమీ లేదు.

ఇంకో మెలిక ఉంది. ఆమోదం అడిగేటప్పుడు ఏయే కేంద్ర చట్టాలతో ఢీకొంటున్నామో పేరుపేరునా చెప్పాలి. కైసర్-ఇ-హింద్ కేసులో 2002లో సుప్రీంకోర్టు తేల్చింది అదే: ఏ చట్టాన్ని చూపి ఆమోదం అడిగారో దాని వరకే ఆ ఆమోదం పనిచేస్తుంది. హిమాచల్ బిల్లు సవరిస్తున్నది ఒక్క 2006 చట్టాన్నే. హిందూ వివాహ చట్టం సెక్షన్ 5లో, ప్రత్యేక వివాహ చట్టం సెక్షన్ 4లో వధువు వయసు 18గానే ఉంది. 18ఏ వాటి మీద చెల్లాలంటే రాష్ట్రపతికి పంపే కాగితంలో ఆ రెండు పేర్లూ ఉండాలి. లేకపోతే ఒకే ఆఫీసులో మ్యారేజ్ ఆఫీసరు ఒక చట్టం చూసి 19 ఏళ్ల అమ్మాయి పెళ్లికి ఒప్పుకోవాలి, ఇంకో చట్టం చూసి ఆపాలి.

సభాపర్వం
కర్ణాటక 2016లో ఇదే చట్టాన్ని సవరించి బాల్యవివాహం మొదటినుంచే చెల్లదని రాసింది. 2017లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. తర్వాత హర్యానాకూ వచ్చింది. దారి లేదని భయపెట్టకండి.

ఓరుగల్లు వకీలు
ఆ రెండూ 18 అన్న గీతను ముట్టుకోలేదండీ. గీతకు కింద జరిగిన పెళ్లి ఏమవుతుందో మాత్రమే మార్చాయి. గీతనే జరిపే బిల్లును కేంద్రం కూడా గట్టెక్కించలేకపోయింది. 2021 డిసెంబరు 21న లోక్‌సభలో పెట్టారు, స్థాయీ సంఘానికి పంపారు, 2024లో 17వ లోక్‌సభ రద్దయ్యాక మురిగిపోయింది. దాంట్లో హిందూ, క్రైస్తవ, పార్సీ, ప్రత్యేక వివాహ చట్టాల్లో కూడా విడివిడిగా సవరణలు రాశారు. హిమాచల్ ఒక్క 18ఏతో ఆ పనంతా అయిపోతుందనుకుంది.

సభాపర్వం
అయిదేళ్ల గడువు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అది మంచిదా కాదా చెప్పండి.

ఓరుగల్లు వకీలు
మంచిదే, రాసిన తీరు తేలాలి. చట్టంలో మేజర్ అంటే 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 నిండినవారు. 18కి అయిదు కలిపితే 23. అంటే 20 ఏళ్లకు పెళ్లయిన అమ్మాయికి చేతిలో ఉండేది మూడేళ్లే. కొత్త వయసు 21 నుంచి లెక్కిస్తే 26 వరకు వస్తుంది. అబ్బాయిల విషయంలో ఈ తికమక ఇప్పటికే ఉంది. 21 నిండాక రెండేళ్లు, అంటే 23 వరకు రద్దు పిటిషన్ వేయొచ్చని అలహాబాద్ హైకోర్టు 2024లో చెప్పింది. బిల్లులోనే ఒక వాక్యం రాస్తే తీరేది.

సభాపర్వం
23 అయినా ఇప్పుడున్న 20 కంటే ఎక్కువే కదా! సూటిగా అవునని ఎందుకు అనరు?

ఓరుగల్లు వకీలు
మొదటి మాటే “మంచిదే” అన్నాను. పైకి వెళ్లి చదవండి.

పల్నాడు పిల్ల
18 నిండిన వారానికే మా చెల్లికి ముహూర్తం పెట్టారు, డిగ్రీ ఆగిపోయింది. ఈ బిల్లు కావాలి. 23, 26 లెక్కలు నాకొద్దు.

సభాపర్వం
విన్నారా వకీలు గారూ? నేను ఏ చర్చ మొదలుపెట్టినా మీరొచ్చి సెక్షన్లు చదువుతారు, అసలు విషయం పక్కకు పోతుంది. బాల్యవివాహాలను వెనకేసుకొస్తున్నారని సూటిగా ఒప్పుకోండి.

ఓరుగల్లు వకీలు
ఆ మాట వెనక్కి తీసుకోండి. పై పోస్టుల్లో ఎక్కడా 18 లోపు పెళ్లిని సమర్థించలేదు.

మంజీర
ఇద్దరూ గడువు దగ్గరే ఆగిపోయారు. అదే చట్టంలో 13, 14 సెక్షన్లు ఎవరైనా చూశారా? బాల్యవివాహం జరగబోతోందని తెలిసినవాళ్లు ఎవరు ఫిర్యాదిచ్చినా మొదటి తరగతి మేజిస్ట్రేటు ఇంజంక్షన్ (పెళ్లి ఆపే ఉత్తర్వు) ఇవ్వవచ్చు. అత్యవసరమైతే నోటీసు లేకుండానే మధ్యంతర ఉత్తర్వు. దాన్ని కాదని చేసుకున్న పెళ్లి మొదటినుంచే చెల్లదు. 12 ఏళ్ల పిల్లను కాపాడడానికి ఇది చాలా మంచి సెక్షన్. “బాల” అన్న నిర్వచనాన్ని 21కి జరపగానే ఇదే సెక్షన్ 20 ఏళ్ల అమ్మాయి మీదకు వస్తుంది. వేరే కులం అబ్బాయిని చేసుకుంటోందని తండ్రి ఒక్క కాగితం ఇచ్చి ఇంజంక్షన్ తెస్తే ఆమె పెళ్లి చెల్లదు.

అక్కడితో ఆగదు. సెక్షన్ 9 కింద పెళ్లికొడుక్కి రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా, రెండూ పడొచ్చు. సెక్షన్ 15 ప్రకారం నాన్‌బెయిలబుల్. ఈరోజు 19 ఏళ్ల అమ్మాయి ఇష్టపడి వెళ్లిపోతే తల్లిదండ్రుల కిడ్నాప్ కేసు నిలవదు, ఎందుకంటే ఆమెకు 18 నిండాయి. ఈ బిల్లు వస్తే వాళ్ల చేతికి నిలిచే కేసు దొరుకుతుంది.

గోదారిగట్టు
ఇది నేను ఆలోచించలేదు.

సభాపర్వం
మంజీర గారూ, అలాంటి జంటల కోసం పల్నాడు పిల్ల గారి చెల్లెలి లాంటివాళ్లను వదిలేద్దామా? ఈరోజు 18 నిండిన అమ్మాయి సీడీపీఓకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) ఫోన్ చేస్తే “నువ్వు మేజర్‌వి, మా పరిధి కాదు” అంటారు. 21 అని రాస్తే తహసీల్దారైనా సీడీపీఓ అయినా పెళ్లి పందిరి దాకా వచ్చి తీరాలి. చట్టం కాగితం మీద లేకపోతే ఆ అధికారి ఇంట్లోంచి బయటికే రారు.

మంజీర
వదిలేయమనలేదు. 18–21 మధ్య ఇంజంక్షన్ అడిగే హక్కు ఆ అమ్మాయికి ఒక్కదానికే ఇవ్వండి. సెక్షన్ 13కి ఒక ఉపసెక్షన్ చాలు. ఆ వయసు పెళ్లిలో శిక్ష బలవంతం చేసిన పెద్దలకే, ఇష్టపడి చేసుకున్న అబ్బాయికి కాదని 9, 11 కింద రాయండి. ఇవి సభలో క్లాజు క్లాజుకీ సవరణ నోటీసు ఇచ్చి తేవచ్చు, లేదా బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపి అక్కడ చేర్చవచ్చు.

ఓరుగల్లు వకీలు
మన దగ్గర ఇంకో మజిలీ ఉంది. హిమాచల్‌లో ఒకే సభ, 68 మంది. ఆంధ్ర, తెలంగాణ రెండింటికీ శాసనమండలి ఉంది. మండలి ఒప్పుకోకపోతే 197వ అధికరణ ప్రకారం మొదటిసారి మూడు నెలలు, సభ మళ్లీ ఆమోదించాక ఒక నెల, అంతవరకే ఆపగలదు. మంజీర గారు చెప్పిన సవరణలకు అది సరైన చోటు. ఆ తర్వాత రాష్ట్రపతి దగ్గర మాత్రం గడువు లేదు. కోర్టు గడువు పెట్టడానికి వీల్లేదని 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల బెంచ్ అభిప్రాయం చెప్పింది. దిశ బిల్లు గుర్తుందిగా? 2019 డిసెంబరు 13న ఆంధ్ర సభ ఆమోదించింది. రాష్ట్రపతి ఆమోదం రాకముందే, అది సవరించాలనుకున్న ఐపీసీనే 2024 జూలై 1న పోయింది. అందుకే బిల్లు మొదటిసారే గట్టిగా రాయాలంటాను. తిప్పి పంపితే సభకు ఆరు నెలలే, మళ్లీ ఆమోదించినా రాష్ట్రపతి ఒప్పుకోవాలని లేదు.

సభాపర్వం
బాల్యవివాహాలను వెనకేసుకొస్తున్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మండలి విషయం ఒప్పుకుంటాను. ఫిర్యాదు హక్కు అమ్మాయికి ఒక్కదానికే అన్నది మాత్రం ఒప్పుకోను. ఫోన్ లాక్కుని ఇంట్లో కూర్చోబెట్టిన పిల్ల కోర్టుకెలా వెళ్తుంది? ఎవరైనా ఫిర్యాదివ్వగలగాలి.

మంజీర
ఎవరైనా ఇవ్వనివ్వండి, లెక్చరరో స్నేహితురాలో. అయితే ఇంజంక్షన్ ఇచ్చేముందు మేజిస్ట్రేటు ఆ అమ్మాయిని పిలిపించి, ఇంట్లోవాళ్లు లేకుండా ఒంటరిగా అడగాలి. ఆమె “ఈ పెళ్లి నాకిష్టమే” అంటే పిటిషన్ అక్కడే కొట్టేయాలి. దీనికి ఒప్పుకుంటారా?

సభాపర్వం
20 ఏళ్లకు ఇష్టమే అన్నా రాష్ట్రం ఆగమనాలి. 21 అని రాయడం అందుకే.

మంజీర
అయితే 13, 14 సెక్షన్ల దగ్గర మనకు కుదరదండీ. ఓటేసే వయసున్న మనిషి మాటకు కోర్టులో విలువ ఉండాలంటాను నేను. అది లేని బిల్లు మా తెలంగాణ సభకు వస్తే వ్యతిరేకించమని మా ఎమ్మెల్యేకు రాస్తాను.