ముప్పై మూడు సీజన్లు అసిస్టెంట్ కోచ్‌గానే: బడ్ ఫాస్టర్ గురించి మీకు తెలిసింది చెప్పండి

రిచ్‌మండ్ నాన్న: మా అబ్బాయి హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, కోచ్ అవుతానంటున్నాడు. "హెడ్ కోచ్ అయితే సరే, జీవితమంతా ఒకరి కింద పనిచేస్తావా?" అని ఇంట్లో పెద్దవాళ్ల దిగులు. నాకు బడ్ ఫాస్టర్ గుర్తొచ్చారు. మర్రే స్టేట్ యూనివర్సిటీలో ఆడి, అక్కడే హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్ దగ్గర పని మొదలుపెట్టి, 1987లో ఆయన వెంట వర్జీనియా టెక్ యూనివర్సిటీ జట్టుకు వచ్చారు. 2019లో విరమించేదాకా అక్కడే ఉన్నారు. ఈ వృత్తిని దగ్గరగా చూసినవాళ్లు ఉన్నారా?

హోకీ అభిమాని: ఇది నిలకడలేని ఉద్యోగమండీ. హెడ్ కోచ్‌ను తీసేస్తే కింద ఉన్నవాళ్లూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే. కొత్తగా వచ్చినాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. పిల్లల బడులు, అద్దె ఇళ్లు, అన్నీ మళ్లీ మొదటినుంచి. అందుకే 2015 సీజన్‌తో బీమర్ తప్పుకున్నాక వచ్చిన జస్టిన్ ఫ్యుయెంటే, ఫాస్టర్‌ను అట్టిపెట్టుకోవడం మామూలు విషయం కాదు. దేశంలో ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌కు ఇచ్చే బ్రోయిల్స్ అవార్డు ఆయనకు 2006లోనే వచ్చింది. హెడ్ కోచ్ కాలేదని ఆయన్ని తక్కువ చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను.

గోదావరిఖని బిడ్డ: నాకు ఆ ఆట నియమాలు సగమే తెలుసు. ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం డబ్బా వల్ల. 1995లో డిఫెన్స్, అంటే ప్రత్యర్థిని అడ్డుకునే ఆటగాళ్ల బాధ్యత చేతికొచ్చినప్పటి నుంచి, బొగ్గుగని కార్మికుడు అన్నం తీసుకెళ్లే పాత రేకు డబ్బాను జట్టుకు గుర్తుగా పెట్టారు. బాగా కష్టపడిన ఆటగాడి చేతికి దాన్ని ఇచ్చేవారు. మా నాన్న సింగరేణిలో చేశారు. మొదటి షిఫ్టుకు అమ్మ తెల్లవారుజామునే కట్టిన టిఫిను, సొట్టలు పడ్డ మూత, పిడికి అంటిన నల్లటి మసి నాకు బాగా తెలుసు. అలాంటి డబ్బాను పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు గర్వంగా మోశారంటే, పనికి విలువ ఎలా నేర్పాలో ఆయనకు తెలుసన్నమాట.

బ్లాక్స్‌బర్గ్ పాత విద్యార్థి: 2019 నవంబరులో, సొంత మైదానంలో ఆయన చివరి మ్యాచ్‌కు నేను వెళ్లాను. ఎదుట పిట్స్‌బర్గ్. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి కదా, ప్రత్యర్థికి మూడోది వచ్చినప్పుడల్లా మా లేన్ స్టేడియంలో జనం జేబుల్లోంచి తాళాల గుత్తులు తీసి గలగలలాడిస్తారు. ఆ రోజు నా ముందు వరుసలోని ముసలాయన మ్యాచ్ అయ్యేదాకా గుత్తి జేబులో పెట్టలేదు. 28-0. అంతకు ముందు వారం జార్జియా టెక్‌ మీద 45-0. వరుసగా రెండు మ్యాచ్‌ల్లో ప్రత్యర్థికి ఒక్క పాయింటూ రానివ్వలేదు. మరుసటి వారం వర్జీనియా చేతిలో 39-30తో ఓడాం, ఆ బాధ వేరు.

రిచ్‌మండ్ నాన్న గారూ, అబ్బాయి ఏ స్థానంలో ఆడతాడు? ఫాస్టర్ ప్రత్యేకంగా తీర్చిదిద్దింది లైన్‌బ్యాకర్లను, అంటే డిఫెన్స్‌లో ముందు వరుస వెనకాల నిలబడేవాళ్లను.

రిచ్‌మండ్ నాన్న: లైన్‌బ్యాకరేనండీ! ఆ పిట్స్‌బర్గ్ మ్యాచ్ రికార్డింగ్ ఈ శనివారం వాడితో కలిసి చూస్తాను. మా నాన్నగారినీ కూర్చోబెడతాను.